ఫైళ్ల జాబితా గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఫైళ్ల జాబితా గారికి,

ఆపరేటింగ్ సిస్టమ్ బిల్డ్ అయ్యాక, అంటే కోడ్ నుంచి ఫైళ్లన్నీ తయారయ్యాక, ఏ ఫైలు ఏ ప్యాకేజీలోకి (ఇన్‌స్టాల్ చేసుకునే మూటలోకి) వెళ్లాలో చెప్పడం తమరి ఉద్యోగం. లైనుకో పాత్ (ఫైలు ఉండే చోటు, పేరు), అంతే. తమరి ఫార్మాట్ డిజైన్ చేయడానికి కూర్చున్న రోజు, సాయంత్రానికల్లా అయిపోతుందనుకున్నాను.

పాత్ ఒక్కటే చాలదన్నారు. పర్మిషన్లు, అంటే ఎవరు చదవొచ్చో, రాయొచ్చో, నడపొచ్చో చెప్పే అంకెలు కావాలట. మామూలు ఫైలుకి 0644, ప్రోగ్రామ్‌కి 0755, పాస్‌వర్డ్ మార్చే ప్రోగ్రామ్‌కేమో 4755. తర్వాత ఓనరు, గ్రూపు. సిమ్‌లింక్ (ఇంకో ఫైలుకి దారి చూపే ఫైలు) అయితే అది దేన్ని చూపిస్తుందో కూడా. కాన్ఫిగ్ ఫైలైతే, అప్‌గ్రేడ్‌లో యూజరు చేసుకున్న మార్పులు చెరపొద్దని ఒక గుర్తు. సరేనని కాలమ్‌కీ కాలమ్‌కీ మధ్య స్పేస్ పెట్టాం. మర్నాడే ఎవరో పేరులో స్పేస్ ఉన్న ఫైలు పట్టుకొచ్చారు. యూనిక్స్‌లో ఫైలు పేరుకి పనికిరానివి రెండే, స్లాష్, నల్ బైట్ (విలువ సున్నా అయిన బైట్). కొత్త లైను కూడా పేరులో నిక్షేపంగా ఉండొచ్చు. 'లైనుకో పాత్' అన్న తమరి పరువు అక్కడే పోయింది. యూనిక్స్ కుటుంబంలోని బీఎస్‌డీ సిస్టమ్‌లలో ఫైళ్ల జాబితా రాసే ఎమ్‌ట్రీ అనే టూల్ స్పేస్‌ని \040 అని రాస్తుంటే ఇదేం చాదస్తం అని నవ్వేవాణ్ణి. ఇప్పుడు మేమూ అదే రాస్తున్నాం.

ఇక తమరి ముద్దుల స్టార్ సంగతి. డైరెక్టరీ పేరు రాసి పక్కన స్టార్ పెడితే అన్నీ వచ్చేస్తాయి కదా అని నేనే పెట్టాను. పది ప్రోగ్రాములు రావలసిన చోట బిల్డ్ తొమ్మిదే ఇచ్చింది, తమరు కిక్కురుమనలేదు. పైగా ఎడిటర్ వదిలేసిన బ్యాకప్ ఫైలుని మాత్రం గౌరవంగా లోపలికి పంపారు. ఉన్నదేదో అదే సరి అనడానికి జాబితా దేనికండీ? ఆర్‌పీఎమ్ అనే ప్యాకేజీ టూల్ కనీసం ఏ ప్యాకేజీలోకీ చేరని ఫైలు మిగిలితే బిల్డ్ ఆపేస్తుంది. ఆ పట్టుదల తమరికి లేకపోయింది.

డైరెక్టరీలది మరో గోడు. ఒకే ఫైలుని రెండు ప్యాకేజీలు నాదంటే నాదంటే కొట్లాట, డైరెక్టరీని మాత్రం ఒక్కటీ నాదనదు. ప్యాకేజీ తీసేశాక ఆ ఖాళీ డైరెక్టరీ అనాథలా అక్కడే పడుంటుంది.

ఈలోగా 'ఈ ఫైలు ఏఆర్ఎమ్ రకం ప్రాసెసర్ల బిల్డ్‌లోనే ఉంటుంది, షరతు పెట్టుకోడానికి ఒక్క ఇఫ్ ఇవ్వండి' అన్నారు. ఇచ్చాం. ఇఫ్ వచ్చాక ఎల్స్ రాకుండా ఉంటుందా? ఆ వెనకే వేరియబుల్స్, ఇంక్లూడ్. ఇప్పుడు తమరు డీబగ్గర్ లేని ప్రోగ్రామింగ్ భాష. (సార్టింగ్ గురించి అడగకండి. లొకేల్ అనే భాషా సెట్టింగ్ మారితే వరస మారింది, ఒక్క ఫైలూ మారకుండానే తేడాలు చూపే డిఫ్ నిండా ఎరుపూ పచ్చా.)

అందుకని విన్నపం: ఆ ఇఫ్ తిరిగిచ్చేయండి, ప్రాసెసర్ రకానికో జాబితా విడిగా రాసుకుంటాం. స్టార్ కూడా వద్దు. ప్రతి పేరూ చేత్తో రాస్తాం, వేళ్లు నొప్పెట్టినా సరే.

ఇట్లు,
తమరిని పుట్టించిన పాపానికి,
బిల్డ్ ఇంజనీరు

తా.క.: పై మార్పులన్నీ చేద్దామని ఇప్పుడే కూర్చున్నాను. తమరి మొదటి లైనులో ఫార్మాట్ వెర్షన్ నంబర్ పెట్టడం మరిచిపోయానని ఇప్పుడే తెలిసింది.