జలగకు ఆవకాయ

మొన్న ఆదివారం స్ప్రింగ్‌బ్రూక్ కొండకు వెళ్లి వచ్చాము. బ్రిస్బేన్‌లో ఉండేవారు పొద్దున బయలుదేరి దీపాలు పెట్టేవేళకు ఇల్లు చేరగలిగిన విహారస్థలాలు చుట్టుపక్కల చాలానే ఉన్నాయి గానీ, వర్షారణ్యమూ జలపాతమూ కొండదారీ మూడూ ఒక్క రోజులో చూడాలంటే దక్షిణాన సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ పీఠభూమికే పోవాలని మా బావగారు తీర్మానించారు. బావగారంటే మా ఆవిడకు అన్నగారు. ఆయన విహారయాత్రను కూడా ఎక్సెల్ పట్టికలో వేసి, ఎవరు ఎప్పుడు దిగాలో, ఎప్పుడు తినాలో, ఎంతసేపు ఆనందించాలో ముందురోజు రాత్రే అందరి ఫోన్లకూ పంపుతారు. ఆ పట్టికలో జలపాతానికి రెండు గంటలు, భోజనానికి ముప్పావు గంట, ‘బెస్ట్ ఆఫ్ ఆల్’ అని పేరున్న కొండకొమ్ముకు ఇరవై నిమిషాలు కేటాయించి ఉన్నాయి. జలగలకు గడి లేదు.

జలపాతం బాగుంది. దాని పేరు పర్లింగ్ బ్రూక్, 100 మీటర్లకు పైబడిన ఎత్తునుంచి పడుతుంది, చుట్టూ తిరిగి రావడానికి 4 కిలోమీటర్ల కాలిబాట ఉంది, అడుగున వేలాడే వంతెన ఉంది. అంతకు మించి వర్ణించే ఓపిక నాకు ఇప్పుడు లేదు. ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే చోటు కావడం వల్ల, అందులోనూ ముందురోజంతా ముసురు పట్టి ఉండడం వల్ల, బాట పొడవునా రాలిన ఆకుల మీద జలగలు తోకమీద నిలబడి తలలు ఆడిస్తూ వచ్చేవారి అడుగుల అదురును, ఒంటి వెచ్చదనాన్ని, వదిలే ఊపిరిని పసిగడుతున్నాయి. మన చెరువుల జలగలైతే నీళ్లలో దిగినవాడినే పట్టుకుంటాయి. ఇక్కడివి నేలమీద నడిచేవాడిని కూడా పలకరిస్తాయి.

పైకి వచ్చి, కార్లు ఆపే చోటికి పక్కనున్న పచ్చికలో దుప్పటి పరిచి, పులిహోర, పెరుగన్నం, మా అత్తగారు కిందటి ఏడు వచ్చినప్పుడు మా వంటింట్లోనే కలిపి పెట్టి వెళ్లిన ఆవకాయ సీసా సర్దుకుంటూ ఉండగా, నా కుడి పిక్కమీద నల్లగా, తాపీగా, బొటనవేలంత లావుకు ఊరిన ప్రాణి ఒకటి కనిపించింది. నేను అరిచాను. ఆ అరుపు ఎంత దూరం పోయిందంటే, అవతలి బల్లల దగ్గర రొట్టెలు కాల్చుకుంటున్న రెండు మూడు కుటుంబాలవారు లేచి నిలబడ్డారు. జలగ మాత్రం కదల్లేదు.

గోటిని దాని నోటి అంచున ఆనించి పక్కకు తోస్తే పట్టు విడుస్తుందని, ఉప్పు చల్లితే అది తాగినదంతా గాయంలోకే కక్కి సూక్ష్మక్రిములను అంటిస్తుందని తెలిసినవారు చెబుతారు. ఈ మాట మా ఆవిడకు కూడా తెలుసు, కానీ ఆవిడ ఆ సమయంలో పిల్లలను తీసుకుని మరుగుదొడ్ల వైపు వెళ్లి ఉంది. బావగారికి ఉప్పు సంగతి మాత్రమే తెలుసు. బుట్టలో ఉప్పు లేదు. ఆయన ఒక క్షణం ఆలోచించి, “ఆవకాయలో ఉన్నదంతా ఉప్పే కదండీ బావగారూ” అన్నారు.

ఆవకాయలో ఉప్పుతో పాటు ఆవపిండి ఉంటుంది, ఎర్రని కారం ఉంటుంది, పైన నాలుగు వేళ్ల మందాన నూనె ఉంటుంది. ఈ విషయం తెలుగువాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా ఇంజనీరింగు చదివి, పాతికేళ్లు ఉద్యోగం చేసి, మూడు దేశాలలో కాపురం పెట్టిన మనిషి, సీసాలోంచి చెంచాడు ఆవకాయను ముక్కతో సహా తీసి నా పిక్కమీద వేసి, చెంచా వెనక వైపుతో మెదిపారు. జలగ తక్షణం ఊడిపోయింది. ఆ మేరకు వైద్యం ఫలించిందని ఒప్పుకోవాలి.

ఇక్కడ జలగను గురించి ఒక మాట చెప్పకపోతే తరువాతి కథ అర్థం కాదు. ఆసుపత్రులలో వాడే జలగకు మూడు దవడలు, కాబట్టి దాని గాటు మూడు పాయలుగా ఉంటుంది. ఆస్ట్రేలియా నేలజలగకు రెండే దవడలు, కాబట్టి దాని గాటు రెండు గీతలుగా పడుతుంది. పైగా రక్తం గడ్డకట్టకుండా అది తన లాలాజలాన్ని లోపలికి వదులుతుంది గనుక, అది పోయిన తరువాత కూడా నెత్తురు చాలాసేపు పలుచగా కారుతూనే ఉంటుంది. అంటే ఆ క్షణాన నా పిక్కమీద పక్కపక్కన రెండు గాట్లు, ఆగని నెత్తురు, చుట్టూ కందిపోయిన ఎర్రదనం ఉన్నాయి. కారం తెరిచి ఉన్న గాయంలోకి దిగడం వల్ల నా కళ్లవెంట నీళ్లు, ఒళ్లంతా చెమటలు, మాట తడబాటు ఉన్నాయి. సరిగ్గా అప్పుడు ఒక వనిత వచ్చింది.

ఆవిడ ఎవరో నాకు తెలియదు. అరవై ఏళ్ల లోపు మనిషి, గట్టి చేతులు, భుజానికి ఎర్రటి సంచి. ప్రథమ చికిత్స ధ్రువపత్రాన్ని ఈ మధ్యనే పునరుద్ధరించుకున్నానని ముందుగా చెప్పి, కాలు చూసి, “కదలకు” అని ఆజ్ఞాపించి నన్ను వెల్లకిలా పడుకోబెట్టింది. “ఏం కరిచింది?” అని అడిగింది. నేను “జలగ, జలగ” అంటున్నాను, కానీ మంట పుట్టినప్పుడు మనిషికి పుట్టిన భాషే వస్తుంది. అందుకని ఆవిడ బావగారి వైపు తిరిగింది. బావగారు అప్పటికి ఆవకాయ సీసాకు మూత బిగించి బుట్టలో అడుగున దాచేశారు. ఒక విదేశీ వనితకు ఆవకాయ వైద్యాన్ని వివరించవలసి రావడం ఆయనకు ఎంత నామోషీ అనిపించిందో నేను ఊహించగలను, క్షమించలేను. ఆయన ఆంగ్లంలో చాలా పొదుపుగా “నల్లగా ఉంది, చిన్నదే” అన్నారు.

“చిన్నవాటికీ విషం ఉంటుంది” అని ఆవిడ గంభీరంగా చెప్పింది. “ఎటు పోయింది?”

“పక్షి తినేసింది” అన్నారు బావగారు.

ఇది నిజమే. పిక్కనుంచి రాలిన జలగ, దానితో పాటు జారిన మామిడిముక్క పచ్చికలో పడగానే, అక్కడే మా పులిహోర కోసం చక్కర్లు కొడుతున్న బ్రష్ టర్కీ ఒకటి వచ్చి రెండింటినీ చప్పున మింగి పొదల్లోకి పరుగెత్తింది. నల్లటి ఒళ్లు, బోడి ఎర్రని మెడ, దానికింద పసుపుపచ్చని తిత్తి ఉండే ఈ పక్షి అడవిలో రాలిన ఆకులను గుట్టగా పోసి ఆ వేడిలో గుడ్లు పొదిగిస్తుంది. చట్టం దానికి రక్షణ కల్పించింది గనుక దాన్ని అదిలించడానికి కూడా మనకు చేతులు రావు. నా తరఫున ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం దాని కడుపులోకి పోయింది. ఏ మన ఊళ్లోనో అయితే పామును పక్షి తినేసిందంటే నవ్వేవారు. కూకబరా పక్షి పిల్లపాములను పట్టి కొమ్మకేసి బాది మింగే దేశంలో ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. చుట్టూ చేరినవారు తలలూపారు.

పాము కరిచినవాడికి ఆస్ట్రేలియాలో చేసే చికిత్స 1970ల చివర మెల్‌బోర్న్‌లో స్ట్రువన్ సదర్లాండ్ అనే వైద్యశాస్త్రవేత్త రూపొందించినది. విషం ఎక్కువగా శోషరస (లింఫ్) నాళాల గుండా పాకుతుంది కాబట్టి, కరిచిన అవయవం మొత్తానికీ వెడల్పాటి సాగే పట్టీని గట్టిగా చుట్టి, బద్ద కట్టి, మనిషిని కదలనివ్వకుండా ఉంచితే ఆసుపత్రి చేరేదాకా ప్రాణం నిలుస్తుంది. ఎందరినో కాపాడిన గొప్ప పద్ధతి అది. దాన్ని గురించి నాకు ఒక్క ఫిర్యాదే ఉంది. అందులో గాయాన్ని కడగకూడదు. ఏ పాము కరిచిందో తేల్చడానికి చర్మం మీద మిగిలిన విషమే ఆసుపత్రివారికి ఆధారం కాబట్టి, నీళ్లు తగలనివ్వరాదు, తుడవరాదు.

ఆవిడ నియమాన్ని అక్షరాలా పాటించింది. గుంటూరు మిరపకాయలను ఎండబెట్టి దంచిన కారాన్ని, కొత్త ఆవపిండిని, పప్పునూనెను ఉన్నవి ఉన్నట్టే ఉంచి, వాటిమీదుగా కాలివేళ్ల మొదలుకుని గజ్జల దాకా పట్టీని బలంగా బిగించింది. కారంలోని ఘాటు నూనెలో కరుగుతుంది, నూనె ఒత్తిడికి లోపలికి దిగుతుంది. మంచి పట్టీకి కావలసిన ఒత్తిడి అంతా ఆ పట్టీకి ఉంది. కరిచిన చోటు తెలియడానికి ఆవిడ పట్టీమీద పెన్నుతో ఇంటూ గుర్తు వేసి, పక్కన సమయం రాసింది. మంట ఎక్కడుందో చెప్పడానికి నాకు ఆ గుర్తు అవసరం లేదు.

“నీళ్లు” అన్నాను ఆంగ్లంలో. తాగడానికని గ్లాసు అందించారు. “కాలికి, కాలికి” అన్నాను. కూడదని తల అడ్డంగా ఊపింది. “పెరుగు” అన్నాను, పెరుగు రాస్తే కారం తగ్గుతుందని. ఆ మాట విన్న ఆవిడ పక్కవారితో, నెమ్మదిగానే అయినా నాకు వినబడేలా, “సంధి మాటలు మొదలయ్యాయి” అంది. చివరికి “లీచ్” అనే మాట నా నోటివెంట వచ్చింది. ఆవిడ నా నుదురు నిమిరి, పాము కరిచినవారు చాలామంది దాన్ని చూడనే చూడరని, ముల్లనో పురుగనో అనుకుని ఊరుకునేవారే ప్రమాదంలో పడతారని, గోధుమరంగు పాము విషం ఎక్కితే నెత్తురు గడ్డకట్టదని, నా నెత్తురు కూడా గడ్డకట్టడం లేదని ఎంతో ఓర్పుగా వివరించింది. తర్కంలో ఎక్కడా లోపం లేదు. ఆవిడ భర్త అప్పటికే ఫోన్ సిగ్నలు వెతుక్కుంటూ కారులో కొండ దిగువకు బయలుదేరాడు. బావగారు నా తల దగ్గర కూర్చుని, పట్టికలో భోజన సమయం మించిపోయిన సంగతిని గడియారం వైపు చూస్తూ మౌనంగా తెలియజేశారు.

మా ఆవిడ వచ్చింది. పట్టీ చుట్టిన కాలినీ, చుట్టూ మూగిన జనాన్నీ చూసి కంగారు పడుతుందని అనుకున్నాను గానీ, వంగి వాసన చూసి, “అన్నయ్యా, ఆవకాయ ఎందుకు తీశావు?” అని మాత్రం అడిగింది. తరువాత నా ఎడమకాలి మేజోడు కిందికి లాగింది. అందరూ కుడికాలి సేవలో ఉండగా అక్కడ రెండు జలగలు ఎవరి ఆటంకమూ లేకుండా భోజనం ముగిస్తున్నాయి. ఆవిడ ఒక్కొక్కదాన్ని గోటితో మీటి పచ్చికలో పడేసింది. పొదల్లోంచి బ్రష్ టర్కీ తిరిగి వచ్చింది.

పట్టీ విప్పుతున్నంతసేపూ ఆ వనిత ఒక్క మాట కూడా మాట్లాడలేదు. లోపలి నుంచి బయటపడిన మామిడి టెంకముక్కను మాత్రం రెండు వేళ్లతో పట్టుకుని చాలాసేపు పరిశీలించింది. పట్టీ ఉతికి పంపుతామని బావగారు అన్నారు. వద్దంది.

దీని తరువాత మేము కూర్చుని పెరుగన్నం, ఆవకాయ తిన్నాము. ఆ తరువాత, నేను కుంటుతున్నప్పటికీ, పట్టికలో ఇంకా ఒక గడి మిగిలి ఉందన్న ఒకే కారణంతో బెస్ట్ ఆఫ్ ఆల్‌కు పోయాము. ఇప్పుడు ముక్కలై విడిపోయిన గోండ్వానా అనే ప్రాచీన మహాఖండంలో పెరిగిన చెట్ల వంశానికి చెందిన అంటార్కిటిక్ బీచ్ వృక్షాలు నాచు కప్పుకుని దారి పక్కన నిలబడి ఉన్నాయి. ఈ అడవులకు 1986లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చిందని, 1994లో దాన్ని మరికొంత విస్తరించారని, ఎదురుగా కనబడేది సుమారు 2.3 కోట్ల ఏళ్ల నాటి అగ్నిపర్వతపు అంచు అని బావగారు ఫోనులోంచి బిగ్గరగా చదివారు. ఎదురుగా పొగమంచు తప్ప ఏమీ కనబడలేదు. పొగమంచును ఆయన ఫొటో తీశారు.

కొండ దిగుతూ ఉండగా సిగ్నలు వచ్చింది. నేను పట్టీతో పడుకుని ఉన్నప్పుడు ఆయన తీసిన ఫొటో ఒకటి అప్పుడే కుటుంబ వాట్సాప్‌లోకి వెళ్లిపోయిందట. తెనాలి నుంచి అత్తగారి ఫోను రావడానికి ఎంతోసేపు పట్టలేదు. బావగారు స్పీకరులో పెట్టి, పాము కాదని, జలగ మాత్రమేనని, తన సమయస్ఫూర్తి వల్ల అది వెంటనే ఊడిందని వివరంగా చెప్పుకొచ్చారు. అత్తగారు అంతా విన్నారు.

“అది సరేరా అబ్బాయీ, జలగను మెదిపిన చెంచా మళ్లీ సీసాలో పెట్టలేదు కదా?”

బావగారు సొరంగం వస్తోందని చెప్పి ఫోను పెట్టేశారు. ఆ దారిలో సొరంగం లేదు.