ఫైబర్ పనికి ఇన్సూరెన్స్ దండగా?

ఇంటర్నెట్ కోసం ఫైబర్ కేబుళ్లు వేసే కాంట్రాక్టర్ల మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "ఫైబర్‌లో వెళ్లేది వెలుతురే, కరెంటు కాదు. ఈ పనిలో రిస్క్ లేదు. ఏదైనా జరిగినా మెయిన్ కాంట్రాక్టర్ పాలసీ చూసుకుంటుంది. మరీ భయమైతే ఒక లయబిలిటీ పాలసీ తీసుకోండి, అన్నీ అందులోనే వస్తాయి." కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు దీన్ని నమ్మేస్తున్నారు. నాకు భయం వేస్తోంది, అందుకే రాస్తున్నాను.

గాజు పోగులో కరెంటు ఉండదు, నిజమే. కానీ మనం తవ్వే నేలలో ఉంటుంది. గ్యాస్ పైపులు, నీళ్ల పైపులు, వేరే కంపెనీల కేబుళ్లు కూడా అక్కడే ఉంటాయి. రోడ్డు తవ్వకుండా కింద నుంచి అడ్డంగా డ్రిల్ చేసేటప్పుడు రాడ్ దేన్ని తాకుతోందో కంటికి కనపడదు. ఒక్కోసారి మురుగు పైపును పొడుచుకుని అవతలికి వెళ్లిపోతుంది, మన డక్ట్ (కేబుల్ వేసే గొట్టం) కూడా ఆ పైపులోంచే పోతుంది. లైన్ టెస్ట్ చేస్తే అంతా బాగానే ఉంటుంది, బిల్లు కూడా వచ్చేస్తుంది. కొన్ని నెలలకు డక్ట్‌కు చెత్త అడ్డం పడి, మురుగు ఎవరి ఇంట్లోకో ఎగదన్నుతుంది. అప్పుడు వాళ్లు వచ్చేది మన దగ్గరికే. కాబట్టి భూమిలోపలి నష్టాలను పాలసీలో మినహాయించారా, పని అప్పగించాక బయటపడే నష్టాలకు కవర్ ఉందా అన్నవి ముందు చూడండి. ప్రీమియం సంగతి ఆ తర్వాత.

వెలుతురే కదా అనీ తేలిగ్గా తీసుకోకండి. సింగిల్ మోడ్‌లో (దూరపు లైన్లకు వేసే ఫైబర్ రకం) వాడే 1310, 1550 నానోమీటర్ల కాంతి కంటికి కనిపించదు, కానీ పవర్ ఎక్కువైతే కన్ను దెబ్బతింటుంది. పోగు మందం 125 మైక్రాన్లే. తెగిన ముక్క వేలిలో దిగితే ఎంత వెతికినా దొరకదు. లయబిలిటీ పాలసీ బయటివాళ్ల నష్టానికి. మన పనివాళ్ల గాయాలకు వేరే కవర్ ఉండాలి.

మెయిన్ కాంట్రాక్టర్ పాలసీ ఆయన కోసం తీసుకున్నది. తప్పు మనదైతే, ఆయన తరఫున కట్టిన డబ్బును ఆ ఇన్సూరెన్స్ కంపెనీయే మన దగ్గర వసూలు చేయవచ్చు.

ఒక్క పాలసీలో అన్నీ రావు. వ్యాన్‌లోంచి స్ప్లైసింగ్ మెషిన్ (పోగులు అతికించేది) పోతే లయబిలిటీ పాలసీ ఇవ్వదు, దానికి పరికరాల కవర్ కావాలి. మన జాయింట్లు సరిగా పడక మళ్లీ వేయాల్సి వస్తే సాధారణంగా ఆ ఖర్చు మనదే. పక్క కంపెనీ కేబుల్ తెగితే దాని రిపేరు ఒక లెక్క, వాళ్ల సర్వీస్ ఆగినందుకు అడిగే నష్టం ఇంకో లెక్క. ఈ రెండోది వస్తుందో రాదో ఏజెంటు నోటిమాటగా చెబితే ఒప్పుకోకండి, పాలసీలో ఏ లైన్లో ఉందో చూపించమనండి.