కంట్రోల్ మారిస్తే మూడు రెట్ల కరెంటా?

"అలల మీద తేలే బోయకు కొత్త కంట్రోల్ సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే చాలు, అదే యంత్రం మూడు రెట్లు కరెంటు ఇస్తుంది. వచ్చే అలను ఏఐ ముందే చెప్పేస్తుంది. తుఫానులో అయితే ఇక పండగే!" ఈ పోస్టు తెగ తిరుగుతోంది. బోయ అంటే నీటి మీద తేలే పెద్ద డబ్బా లాంటిది. అల దాన్ని ఊపితే, ఆ ఊపుతో జనరేటర్ కరెంటు తీస్తుంది. జనరేటర్ ఎప్పుడు, ఎంత బలంగా లాగాలో చెప్పేదే కంట్రోల్.

మూడు రెట్ల మాట పూర్తిగా గాలి కబురేం కాదు. చిన్న బోయ తనంతట తాను ఊగితే ఒక ఊపుకు మూడు నాలుగు సెకన్లే పడుతుంది. పెద్ద అల వచ్చి పోవడానికి ఎనిమిది, పది సెకన్లు పడుతుంది. రెండింటికీ పొత్తు కుదరక బోయ ఊరికే లేచి దిగుతుంది. జనరేటర్‌ను మధ్యమధ్యలో మోటారులా నడిపి, బోయ వేగాన్ని అల తోపుతో కలిపితే శక్తి బాగా పెరుగుతుంది. దీన్నే రియాక్టివ్ కంట్రోల్ అంటారు. అయితే మూడు రెట్లు చూపించే లెక్కల్లో తరచూ బోయ ఎంత ఎత్తుకైనా లేవచ్చని, యంత్రంలో నష్టమే ఉండదని అనుకుంటారు.

ఆ నష్టమే అసలు కొంప ముంచేది. ఒక అల నుంచి జనరేటర్‌కు 10 పాళ్లు శక్తి వచ్చి, 7 పాళ్లు తిరిగి బోయకు ఇవ్వాల్సి వచ్చిందనుకుందాం. కాగితం మీద మిగులు 3. యంత్రం సామర్థ్యం రెండు వైపులా 90 శాతమైతే చేతికొచ్చేది 9, ఆ 7 ఇవ్వడానికి అయ్యే ఖర్చు దాదాపు 7.8. మిగిలేది 1.2. అదే 80 శాతమైతే వచ్చేది 8, ఖర్చు 8.75. అంటే కరెంటు మనమే ఎదురు పెట్టుకోవాలి! పైగా రెండు వైపులా పనిచేసే పెద్ద యంత్రం కావాలి. "సాఫ్ట్‌వేర్ చాలు" అన్నవాళ్లు ఈ ఖర్చు ఊసే ఎత్తరు.

ఏఐ సంగతి. ముందుచూపు కావాలన్నది నిజమే, అదీ కొన్ని సెకన్లది. కానీ ఈ అవసరం ఇప్పుడు కనిపెట్టిందేం కాదు. నార్వేలో బుడాల్, ఫాల్నెస్ అనే శాస్త్రవేత్తలు 1970లలోనే లాచింగ్ పద్ధతి మీద పనిచేశారు. బోయ పైకో కిందికో వెళ్లి ఆగిన క్షణాన బ్రేకు వేసి పట్టుకోవడం, అదను చూసి వదలడం. శక్తి తిరిగి ఇచ్చే బాధ లేదు, నాకు నచ్చేది అందుకే. వదిలే అదను తెలియాలంటే మాత్రం రాబోయే అల తెలియాలి. నాలుగు దిక్కుల అలలు కలగలిసిన సముద్రంలో ఆ అంచనా త్వరగా తప్పుతుంది.

తుఫాను పండగ మాట ఉత్తదే. అల ఎత్తు రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది, నిజమే. జనరేటర్ మాత్రం తన గరిష్ఠ సామర్థ్యం దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు కంట్రోల్ పని అదనపు శక్తిని వదిలేసి బోయను కాపాడటం. కంట్రోల్ వల్ల కలిసొచ్చేదేదైనా ఉంటే అది చిన్న, మధ్యతరహా అలల్లోనే.