‘మందుబాబులకు గుడ్‌న్యూస్’ గారికి ఒక మందుబాబు రాసుకున్న లేఖ

మహారాజశ్రీ ‘మందుబాబులకు గుడ్‌న్యూస్’ అనబడే శీర్షిక గారి సముఖమునకు,

నమస్కారాలు. తమరు కుశలమా అని అడగక్కర్లేదు. వారానికి మూడుసార్లు మా ఫ్యామిలీ గ్రూపులో కనబడుతూనే ఉన్నారు. మొన్న ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు కూడా మా బాబాయ్ ఫోను ద్వారా దర్శనమిచ్చారు. “మందుబాబులకు గుడ్‌న్యూస్.. భారీగా తగ్గిన బీరు ధరలు! ఒక్కో సీసా ఇప్పుడు ఎంతంటే?” కింద బాబాయ్ సొంతంగా రాసింది ఒక్క ముక్క: “తగ్గిందంట, రెండు పట్రా.”

తగ్గిన ధర ఎంతో ఆయనే లెక్కగట్టి, రూపాయి ఎక్కువ కాకుండా ఫోన్‌పే కూడా చేశాడు. తమరి మాట మీద గౌరవంతో ఆ ఎండలో బండి తీశాను.

వైన్ షాపు దగ్గర క్యూ ఎలా ఉంటుందో తమరికి తెలియదు. తెలిస్తే ఇంకోలా రాసేవారు. ఇనప గ్రిల్లు సందులోంచి చెయ్యి పెట్టి డబ్బు కట్టబోతే కుర్రాడు “తక్కువైంది అన్నా” అన్నాడు. “తగ్గింది కదా” అన్నాను. “ఏడ తగ్గింది?” అన్నాడు. ఫోను తీసి తమరిని చూపించాను. చదవను కూడా చదవలేదు. “పొద్దుగాల నుంచి ఇది చూపించినోళ్లల్ల నువ్వు అయిదోటోనివి” అన్నాడు.

అప్పుడు, ఆ క్యూలో నిలబడి, తమరిని మొదటిసారి చివరిదాకా చదివాను. మొదటి పేరాలో ధర తగ్గిందన్నారు. రెండో పేరాలో తగ్గితే ఎంత సంతోషమో వర్ణించారు. మూడో పేరాకీ నాలుగో పేరాకీ మధ్య మోకాళ్ల నొప్పుల నూనె వచ్చింది. అయిదు నుంచి పది వరకు మొదటి పేరానే మాటలు మార్చి వినిపించారు. పదకొండో పేరాలో, ఇక దాచడానికి చోటు లేక, అసలు సంగతి బయటపెట్టారు: బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం వల్ల అక్కడి నుంచి దిగుమతయ్యే బీరు మీద సుంకం తగ్గవచ్చునని. నా భుజం మీదుగా చదువుతున్న వెనకాయన వరసకంతటికీ వినబడేలా “అన్నకు లండన్ రేటు కావాల్నంట, ఇయ్యరాదు” అన్నాడు. అందరూ నవ్వారు. నా జేబులోంచి మిగతా డబ్బు తీసి కట్టాను.

ఒప్పందం అబద్ధమని నేననడం లేదు. 2025 జులై 24న సంతకాలయ్యాయి. కానీ అది ఓడ దిగే బీరు కథ. మా బాబాయ్ తాగే బీరు సంగారెడ్డి జిల్లా నుంచి లారీలో వస్తుంది. దానికీ లండన్‌కీ ఉన్న సంబంధమల్లా తమరే.

ఇది మొదటిసారీ కాదు. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ శ్లాబులు మారినప్పుడు కూడా విచ్చేశారు, “బీరు ధర తగ్గనుందా?” అని ప్రశ్నార్థకం తగిలించుకుని. మనుషులు తాగే మద్యం అసలు జీఎస్టీ పరిధిలోనే లేదని ఆఖరి వాక్యంలో చెప్పి సెలవు తీసుకున్నారు. ఆ ఒక్క వాక్యం ముందే చెబితే వార్తే లేదు కదా! మీ ఇబ్బంది నాకు అర్థమవుతుంది.

నిజంగా రాయాల్సిన రోజు ఒకటి వచ్చింది. 2025 జనవరి 8న, కింగ్‌ఫిషర్ బీరు తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్, సర్కారు సంస్థ తెలంగాణ బెవరేజెస్ కార్పొరేషన్‌కు బీరు సరఫరా ఆపేస్తున్నట్టు ప్రకటించింది. తమకిచ్చే మూలధరను 2019-20 తర్వాత సవరించలేదని, బకాయిలు పేరుకున్నాయని కంపెనీ వాదన. పన్నెండు రోజులకు సరఫరా మళ్లీ మొదలైంది. ఫిబ్రవరి 11 నుంచి ధరలు 15 శాతం పెరిగాయి. ఎంత మంచి అవకాశం! కంపెనీకి దక్కేది ఎంత, దానిమీద ఎక్సైజు సుంకం ఎంత, సెస్సు ఎంత, షాపువాడి కమీషన్ ఎంత, ఒక్క సీసా తీసుకుని విడమరిచి చెబితే మా బాబాయ్ లాంటివాడికి కూడా తెలిసేది. రాష్ట్రమంతటికీ టోకున కొనేది ఒక్క కార్పొరేషనే అయినప్పుడు ధర ఎలా తేలుతుందో అర్థమయ్యేది. తమరేం చేశారు? గొంతులు ఎండాయన్నారు, కిక్కు దిగిందన్నారు, పిట్ట పేరు మీద చమత్కారాలాడారు. పైన అదే ఫొటో.

ఆ ఫొటో గురించి ఒక్క మాట. పిడి ఉన్న పెద్ద గాజు మగ్గు, అంచుదాటి కారుతున్న నురగ, వెనకాల చెక్కపీపా. పర్మిట్ రూములో ప్లాస్టిక్ గ్లాసు తప్ప ఎరగనివాళ్ల కోసం దీన్ని జర్మనీ నుంచి ఎందుకు మోసుకొస్తారో నాకెప్పుడూ అర్థం కాలేదు. ధర పెరిగినా ఆ మగ్గే, తగ్గినా ఆ మగ్గే, కల్తీ మద్యం తాగి మనుషులు ఆస్పత్రి పాలైనా ఆ మగ్గే.

ఇక అసలు బాధకు వస్తాను.

ఇంటికెళ్లి సీసా తీశాం. బాబాయ్ ఒక గుక్క తాగి మొహం అదోలా పెట్టాడు. “ఇదేంట్రా, అట్టపెట్టె నానబెట్టిన నీళ్లలా ఉంది” అన్నాడు. జీవితంలో బీరు గురించి ఆయన అంత కచ్చితంగా మాట్లాడగా నేను వినలేదు. సీసా తిప్పి చూస్తే లేబుల్ మీద తయారీ తేదీ ఏడు నెలల కిందటిది. ఆరు నెలల్లోపు తాగితే మంచిదని దానిమీదే రాసి ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో.

బీరు పీపాలో మాగే విస్కీ కాదండీ, పాతబడేకొద్దీ గొప్పదవడానికి. మామూలు బీరు తయారైన రోజు నుంచే దిగజారడం మొదలవుతుంది. వేడి తగిలితే ఇంకా త్వరగా పోతుంది. లోపల మిగిలిన కాస్త ఆక్సిజన్ పని చేసి తడి అట్ట వాసన తెస్తుంది. ఎండ తగిలితే గొడవ వేరే: చేదు కోసం వేసిన హాప్స్ పువ్వు పదార్థాలు వెలుతురుకి విరిగి ఒక రకం కంపు పుడుతుంది. అమెరికాలో స్కంక్ అనే జంతువు వదిలే కంపుకు అది దగ్గరి చుట్టం. గోధుమరంగు సీసా అందుకే వచ్చింది. ఆకుపచ్చ సీసా చూడముచ్చటగా ఉంటుంది గానీ వెలుతురుని అంతగా ఆపలేదు. మే నెలలో షాపు ముందు ఎండలో దించిన పెట్టెల్ని మనందరం చూశాం. వాటిలో ఏం జరుగుతోందో ఒక్కసారైనా రాశారా? “సీసా తీసుకునే ముందు తేదీ చూసుకోండి.” అయిదు మాటలు. మా గ్రూపులో తమరి పేరు మీద వచ్చిన వార్తల్ని ఆ రాత్రి కూర్చుని పైకి జరుపుకుంటూ వెళ్లాను. ఏడాది వెనక్కి వెళ్లినా ఈ అయిదు మాటలు దొరకలేదు.

రుచి సంగతి సరేసరి. తమరి నిఘంటువులో బీరుకున్న గుణాలు రెండే: చల్లదనం, కిక్కు. లైట్ అంటే ఏమిటి, స్ట్రాంగ్ అంటే ఏమిటి? ఆల్కహాలు 5 శాతం దాటి 8 వరకు ఉంటే స్ట్రాంగ్ అని ఆహార భద్రతా ప్రమాణాల్లో రాసి ఉంది. మా బాబాయ్ మాత్రం లైట్ అంటే పొట్ట రాకుండా చేసే బీరని ఇరవయ్యేళ్లుగా నమ్ముతున్నాడు. గోధుమ బీరులో అరటిపండు వాసన వస్తే అది పండు కలిపినందుకు కాదు, ఈస్టు చేసే పని. ఇదీ మా అంతట మేం తెలుసుకోవలసిందే. వారపు అనుబంధాల్లో తమరి చుట్టాలు రాసే కథ ఇంకొకటి: ఇంగ్లండ్ నుంచి మన దేశానికి ఓడ ప్రయాణంలో మామూలు బీరు బతకదని ఇండియా పేల్ ఏల్ అనే చేదు బీరును కనిపెట్టారట. అదే రోజుల్లో నల్లటి పోర్టర్ బీరు కూడా పీపాలకు పీపాలు మన రేవుల్లో దిగేది. దాన్నెవరూ తలవరు.

మన భాషకి చేతకాదనుకోకండి. ఊళ్లో కల్లు గీసే మామని అడిగి చూడండి. తాటిచెట్లు చూపించి ఇది పోతుతాడు, అది పండుతాడు, ఇది పరుపుతాడు అంటాడు. పొద్దున దించినది తియ్యగా ఉంది, మధ్యాహ్నానికి పులుస్తుంది, ఇప్పుడే తాగు అంటాడు. ఏ చెట్టుదో, ఎప్పుడు దించిందో, ఎప్పటిలోగా తాగాలో మూడు ముక్కల్లో అయిపోయింది. ఆయన పత్రికా విలేకరి కాదు కాబట్టి చెప్పగలిగాడు. ఇంగ్లండ్‌లో మైఖేల్ జాక్సన్ అనే ఆయన ఉండేవాడు. ఆ పాటగాడు కాదు, పాత్రికేయుడు. లోకంలోని బీర్లని రకాలవారీగా విడదీసి 1977లోనే పుస్తకం రాశాడు. ఆయన కూడా పత్రికల్లోంచి వచ్చినవాడే, మీ కులంవాడే.

డిసెంబరు 31 గురించి ఎక్కువ రాయను. “ఒక్క రాత్రిలో ఇన్ని కోట్లు తాగేశారు” అంటారు. అది డిపోల నుంచి షాపులు ఎత్తిన సరుకు విలువ. సంక్రాంతి దాకా అమ్ముకోవడానికి తెచ్చుకున్న పెట్టెలు కూడా అందులో ఉంటాయి. మా బాబాయ్ ఆ రాత్రి తొమ్మిదిన్నరకే పడుకున్నాడు. ఆయన వాటా మాత్రం తెల్లారి మీ అంకెల్లో ఉంది.

మద్యం ప్రకటనలు టీవీల్లో వేయకూడదు కాబట్టి కంపెనీలు పాపం సోడా అనీ, మంచినీళ్లనీ పేరు పెట్టుకుని తంటాలు పడుతున్నాయి. రేట్ల పట్టికతో సహా ఉచితంగా వేసిపెట్టడానికి మీరుండగా ఎందుకో.

ఇన్నాళ్లూ ఇవన్నీ నవ్వుకుని వదిలేశాను. ఒక్కటి వదలలేను.

రెండేళ్ల కిందట “బీరు తాగితే కిడ్నీలో రాళ్లు కరిగిపోతాయా? నిపుణులు ఏమంటున్నారంటే” అని వచ్చారు. నిపుణులెవరో పేరు లేదు. అప్పటికి బాబాయ్‌కి 9 మిల్లీమీటర్ల రాయి ఉంది. డాక్టరు నీళ్లు బాగా తాగమన్నాడు, మళ్లీ స్కానింగుకి రమ్మన్నాడు. ఆయన నీళ్లు మానేసి మిమ్మల్ని నమ్మాడు. మూడు వారాలు, రోజుకి రెండు సీసాలు, మందులాగా, టైం ప్రకారం. పిన్ని అడిగితే ఫోను తీసి మిమ్మల్నే చూపించేవాడు. బీరు రాయిని కరిగించదు. మూత్రం ఎక్కువొస్తుంది, నిజమే. ఆల్కహాలు ఒంట్లో నీటిని పట్టి ఉంచే హార్మోనుని తగ్గిస్తుంది కాబట్టి నీరు ఒంట్లో నిలవకుండా బయటికి పోతుంది. అతిగా తాగితే ఒళ్లు ఎండుతుంది. పైగా బీరులోని ప్యూరిన్లనే పదార్థాలు రక్తంలో యూరిక్ యాసిడ్‌ని పెంచుతాయి. అదీ కొన్ని రాళ్లకు మూలమే. ఒక అర్ధరాత్రి ఆయన నేలమీద ముడుచుకుపోయి అరుస్తుంటే అంబులెన్సులో పక్కన కూర్చున్నది నేను. నువ్వు కాదు. ఎంతమంది క్లిక్ చేశారో లెక్క చూసుకుంటూ ఏ చల్లని గదిలోనో ఉన్నావు నువ్వు. ఆ ప్రశ్నార్థకం వెనక ఎంతకాలం దాక్కుంటావు? కరుగుతాయా అని అడిగాం తప్ప కరుగుతాయని అనలేదంటావు, అంతేగా? ఏ మోతాదులో తాగినా మద్యం సురక్షితం కాదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అది నీకు వార్త కాలేదు. ఆయన ఆస్పత్రిలో ఉండగానే ఇంకోటి పంపావు: “రోజూ బీరు తాగితే ఏమవుతుందో తెలిస్తే షాక్!” ఆ షాక్ బిల్లు రూపంలో అప్పటికే మా చేతికొచ్చింది.

క్షమించాలి, ఏకవచనంలోకి దిగాను. రాసింది కొట్టేయడం లేదు.

‘మందుబాబు’ అన్న బిరుదు గురించి కూడా అడుగుదామనుకున్నాను. నెలకోసారి ఒక సీసా తాగేవాడూ, పొద్దున్నే బెల్టు షాపు తలుపు కొట్టేవాడూ, ఇద్దరూ మీకు ఒకే బాబు. ఆడవాళ్లు తాగితే ఏమనాలో మీ దగ్గర మాట లేదు, వీడియో మాత్రం ఉంటుంది. సరే, పోనివ్వండి.

ఆదివారం కొన్న రెండింటిలో ఒకటి సింకులో పోశాం. రెండోది మార్చుకొద్దామని తీసుకెళ్తే “బిల్లుందా అన్నా?” అన్నాడు కుర్రాడు. బిల్లు వాడే ఇవ్వలేదు. అదీ సింకులోకే పోయింది. ఖాళీ సీసాలు నిన్న పాతసామాన్లు కొనే అతనికి వేశాం. సీసాకి ఇంత అన్నాడు. బాబాయ్ “మొన్నటికీ ఇప్పటికీ తగ్గిందేంటి?” అని అడిగితే ఎందుకు తగ్గిందో రెండు ముక్కల్లో చెప్పి, అన్నంత చేతిలో పెట్టి వెళ్లాడు.

ఇట్లు,
ఆదివారం క్యూలో అయిదోవాడు