పన్నెండు పాయింట్ల ఆధిక్యాన్ని హ్యూస్టన్ అభిమాని నమ్మవచ్చా?

2025 ఏప్రిల్ 7 రాత్రి శాన్ ఆంటోనియోలోని ఆలమోడోమ్‌లో అమెరికా కళాశాలల పురుషుల బాస్కెట్‌బాల్ ఫైనల్ జరిగింది. రెండో అర్ధభాగంలో హ్యూస్టన్ విశ్వవిద్యాలయం 42-30తో ముందుంది. ఆ సీజన్లో అంతకుముందు ఆడిన ముప్పై తొమ్మిది ఆటల్లో నాలుగింటిలోనే ఓడిన జట్టు, ప్రత్యర్థికి బుట్ట కనబడనివ్వని రక్షణ, చేతిలో పన్నెండు పాయింట్లు. అయినా ఆట ముగిసేసరికి ఫ్లోరిడా 65, హ్యూస్టన్ 63. నలభై నిమిషాల ఆటలో ఫ్లోరిడా ఆధిక్యంలో ఉన్న సమయమంతా కలిపితే సుమారు ఒక్క నిమిషం.

హ్యూస్టన్‌లో చదువుకున్నవారు, అక్కడ స్థిరపడినవారు అయిన తెలుగువారిలోనూ ఈ జట్టుకు అభిమానులున్నారు. నేను కూడా వారిలో ఒకడిని. ఓటమి తరువాత మాలో రెండు వాదనలు వినిపించాయి. గెలిచిన ఆటను చేజేతులా జారవిడుచుకున్నారన్నది ఒకటి. ఈ విశ్వవిద్యాలయాన్ని 1983 నుంచి ఏదో శాపం వెంటాడుతోందన్నది మరొకటి. ఈ రెండింటితోనూ నేను ఏకీభవించను. ఆ రాత్రి హ్యూస్టన్ ఓడిన తీరుకూ, అది అక్కడిదాకా చేరిన తీరుకూ మూలం ఒక్కటేనని నా అభిప్రాయం. జట్టు ఎంచుకున్న నెమ్మదైన ఆటే ఆ మూలం.

శాపం సంగతి ముందు చూద్దాం. 1983 ఫైనల్ న్యూ మెక్సికో రాష్ట్రంలోని ఆల్బకర్కీలో జరిగింది. హకీమ్ ఒలాజువాన్, క్లైడ్ డ్రెక్స్లర్ ఆడిన ఆనాటి హ్యూస్టన్ జట్టును జనం 'ఫై స్లామా జామా' అని ముద్దుగా పిలుచుకునేవారు. మెరుపు వేగంతో పరుగెత్తి బంతిని పైనుంచి బుట్టలోకి కుక్కడం వారి పద్ధతి. వరుసగా 26 విజయాలతో వచ్చిన ఆ జట్టు, మొదటి అర్ధభాగంలో వెనుకబడినా తరువాత పుంజుకుని నార్త్ కరోలినా స్టేట్‌పై 42-35 ఆధిక్యం సంపాదించింది. సరిగ్గా అప్పుడే కోచ్ గై లూయిస్ ఆటను నెమ్మదింపజేశాడు. ఆ ఫైనల్లో షాట్ క్లాక్, అంటే బంతి అందాక నిర్ణీత సమయంలోగా షాట్ తీయాలన్న గడువు, లేదు కనుక బంతిని ఎంతసేపైనా చేతిలో ఉంచుకోవచ్చు. ప్రత్యర్థులు కావాలనే ఫౌల్స్ చేసి హ్యూస్టన్ ఆటగాళ్లను ఫ్రీ త్రో (ఫౌల్‌కు బదులుగా ఎవరూ అడ్డురాకుండా తీసే షాట్) గీత దగ్గరకు పంపారు; అక్కడ వారి చేతులు తడబడ్డాయి. స్కోరు 52-52 ఉండగా నార్త్ కరోలినా స్టేట్ ఆటగాడు డెరెక్ విట్టెన్‌బర్గ్ దూరం నుంచి విసిరిన బంతి బుట్టదాకా రాకపోయినా, అతడి సహచరుడు లొరెంజో చార్ల్స్ దాన్ని గాలిలోనే అందుకుని లోపలికి దింపి ఆట గెలిపించాడు. ఇందులో శాపమేమీ లేదు. పరుగెత్తగల జట్టు నడవడం మొదలుపెట్టింది. నడకలో దాని బలం సగమైంది.

నెమ్మదైన ఆట బలమైన జట్టుకు ఎందుకు ప్రమాదమో క్రికెట్ తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఐదు రోజుల టెస్టులో పెద్ద జట్టును ఓడించడం చిన్న జట్టుకు కష్టం. ఇరవై ఓవర్లలో అది అంత కష్టం కాదు. ఆట పొట్టిదవుతున్న కొద్దీ నైపుణ్యానికి ఉన్న పట్టు సడలి అదృష్టానికి చోటు పెరుగుతుంది. బాస్కెట్‌బాల్‌లో గడియారం నలభై నిమిషాలే చూపినా, ఆట నిజమైన పొడవు రెండు జట్లకూ బంతి ఎన్నిసార్లు చేతికి వచ్చిందన్న దానిలో ఉంటుంది. ముప్పై సెకన్ల షాట్ క్లాక్‌ను దాదాపు చివరిదాకా వాడుకునే హ్యూస్టన్ ఆటల్లో ఆ సంఖ్య దేశంలోనే అతి తక్కువల్లో ఒకటి. అంటే దేశంలోని అత్యుత్తమ జట్లలో ఒకటి, తన ఆధిక్యత బయటపడే అవకాశాలను తానే తగ్గించుకుంటోంది.

పైగా ఇది ఒక్క ఓటమితో ఇంటిదారి పట్టాల్సిన టోర్నమెంటు. 2024 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ మొదటి క్వాలిఫయర్‌లో ఓడినా రెండో క్వాలిఫయర్ గెలిచి ఫైనల్‌కు రాగలిగింది. అమెరికా కళాశాల జట్లకు అలాంటి రెండో తలుపు ఉండదు. 68 జట్లతో మొదలయ్యే ఈ పోటీలో కప్పు కావాలంటే హ్యూస్టన్ లాంటి అగ్ర సీడు వరుసగా ఆరు ఆటలు గెలవాల్సిందే.

అయితే కోచ్ కెల్విన్ శాంప్సన్ ఈ పద్ధతిని తెలియక ఎంచుకోలేదు. ఆయన 2014లో వచ్చేనాటికి, 1984 తరువాత ఈ టోర్నమెంటులో హ్యూస్టన్‌కు ఒక్క గెలుపు కూడా లేదు. ఆ కరువు 2018లో గానీ తీరలేదు. మొదటి సీజన్లో ఆయన జట్టు 13 ఆటలే గెలిచింది. పేరుమోసిన ఆటగాళ్లు తన దగ్గరకు రాని రోజుల్లో, ప్రతిభ తక్కువైనా ఒళ్లు వంచితే అబ్బే రెండు విషయాలను ఆయన నమ్ముకున్నాడు: ప్రత్యర్థిని ఊపిరి తీసుకోనివ్వని రక్షణ, తాము గురితప్పిన బంతిని తామే తిరిగి అందుకునే రీబౌండ్ పట్టుదల. 2023లో బిగ్ 12 లీగ్‌లోకి అడుగుపెట్టి మొదటి రెండు సీజన్లలోనూ లీగ్ పట్టికలో అగ్రస్థానంలో నిలిచిందంటే ఆ పునాది మీదనే. పద్ధతి మార్చమని అడిగేవారు ఈ చరిత్రను మరచిపోతున్నారు.

కానీ ఆ పద్ధతి వసూలు చేసే సుంకం కూడా స్కోర్లలో కనిపిస్తుంది. 2022లో విలనోవా చేతిలో 50-44తోనూ, 2024లో డ్యూక్ చేతిలో 54-51తోనూ ఇంటికి రావలసి వచ్చింది. డ్యూక్‌తో ఆటలో జట్టుకు గుండెకాయ లాంటి జమాల్ షెడ్ మొదటి అర్ధభాగంలోనే చీలమండ గాయంతో తప్పుకున్నాడు. 2025లో పర్డ్యూపై 62-60, సెమీఫైనల్లో డ్యూక్‌పై 70-67, ఆ తరువాత ఈ ఫైనల్. ప్రతి ఓటమీ ఈ మూసలోదే అనడం సత్యదూరం: 2021లో బేలర్, 2023లో మయామి హ్యూస్టన్‌ను ఉతికి ఆరేశాయి. అయినా గట్టి ప్రత్యర్థులతో ఈ జట్టు ఆట తరచూ చివరి నిమిషందాకా లాగుతుందని అభిమాని ముందే సిద్ధపడాలి.

డ్యూక్‌తో సెమీఫైనల్ ఈ వాదనకు రెండో పార్శ్వం. ఇంకా ఎనిమిది నిమిషాలే మిగిలి ఉండగా పద్నాలుగు పాయింట్లు వెనుకబడి ఉన్న నెమ్మది జట్టు కోలుకోవడం లెక్క ప్రకారం దాదాపు అసాధ్యం. కానీ చివరి పది నిమిషాల్లో కూపర్ ఫ్లాగ్ లాంటి మేటి ఆటగాడు ఉన్న డ్యూక్‌కు ఒకే ఒక ఫీల్డ్ గోల్ (ఫ్రీ త్రో కాకుండా ఆట నడుస్తుండగా వేసే బుట్ట) దక్కింది. చివరి తొమ్మిది పాయింట్లూ హ్యూస్టన్‌వే. అదే రక్షణ, అదే మొండితనం. రెండు రాత్రుల తరువాత అవే చాలకపోయాయి.

ఎందుకంటే ఫైనల్ చివర్లో హ్యూస్టన్‌కు కావలసింది రక్షణ కాదు, ఒక షాట్. ఫ్లోరిడా ప్రధాన ఆటగాడు వాల్టర్ క్లేటన్‌ను హ్యూస్టన్ మొదటి అర్ధభాగంలో ఒక్క పాయింటు కూడా చేయనివ్వకుండా కట్టడి చేసింది. కానీ సీజన్ పొడవునా బాగా పడుతూ వచ్చిన హ్యూస్టన్ మూడు పాయింట్ల షాట్లు ఆ రాత్రి నాలుగో వంతు కూడా పడలేదు. ఫ్లోరిడా 65-63తో ముందుండగా చివరి బంతి హ్యూస్టన్ ఆటగాడు ఇమాన్యుయెల్ షార్ప్ చేతికి వచ్చింది. అతడు షాట్‌కు ఎగిరేసరికి క్లేటన్ ఎదురుగా దూసుకొచ్చాడు. షాట్ తీస్తే క్లేటన్ అడ్డుకుంటాడు, బంతితో కిందికి దిగితే ట్రావెలింగ్ (బంతిని పట్టుకుని నిబంధనకు మించి కదలడం) తప్పు అవుతుంది. గాలిలో ఉన్న షార్ప్ బంతిని నేలకు వదిలేశాడు. ముందుగా తానే దాన్ని ముట్టుకున్నా అది తప్పే కనుక, కాళ్ల ముందు ఎగురుతున్న బంతి దగ్గర అలాగే నిలబడిపోయాడు. ఫ్లోరిడా ఆటగాడు అలెక్స్ కాండన్ దాని మీదికి దూకాడు, సమయం అయిపోయింది. అలాంటి సమయంలో ఒక్క షాటైనా తీయలేకపోవడం తనకు అంతుపట్టడం లేదని శాంప్సన్ తరువాత అన్నాడు.

2025 దాకా ఏడుసార్లు ఫైనల్ ఫోర్ (చివరి నాలుగు జట్ల దశ) చేరి ఒక్క కప్పూ లేని ఈ జట్టు నుంచి నేను కోరేది కొత్త తత్వం కాదు. రక్షణ, రీబౌండ్లు ఇలాగే ఉండనీ. చివరి నాలుగు నిమిషాల్లో మాత్రం షాట్ క్లాక్ సగం మిగిలి ఉండగానే బుట్టవైపు చొచ్చుకుపోయే ఒక ఎత్తుగడ, ఎవరు అడ్డొచ్చినా తనకు తాను షాట్ సృష్టించుకోగల ఒక గార్డు (బంతిని నడిపించే ఆటగాడు) కావాలి. వచ్చే మార్చిలో ఈ టోర్నమెంటు మొదలైనప్పుడు సీడు సంఖ్యను నేను పట్టించుకోను. మొదటి అర్ధభాగంలో ఎన్ని టర్నోవర్లు (షాట్ తీయకుండానే బంతిని ప్రత్యర్థికి పోగొట్టుకోవడం), పొడవాటి చేతులతో రక్షణకు మూలస్తంభమైన జోసెఫ్ టగ్లర్ లాంటి ఆటగాడి మీద ఎన్ని ఫౌల్స్, రెండు జట్లకూ కలిపి బంతి ఎన్నిసార్లు దక్కింది అన్నవే చూస్తాను. పన్నెండు పాయింట్ల ఆధిక్యం కనిపించినప్పుడు మాత్రం, పక్కవాళ్లు ఎంత బలవంతపెట్టినా, ముందుగా సంబరం చేసుకోను.