ఆరేండ్లు నిండేదాకా ఆగుమంటే ఎట్ల?

హన్మకొండ నక్కలగుట్ట దిక్కు పోతే ఫ్లెక్సీలు చూసే ఏ సీజన్ నడుస్తుందో చెప్పొచ్చు, ఇప్పుడు టెట్, డీఎస్సీ కోచింగులవి. వాటి నడుమ ఈ మధ్య ఒక మాట గట్టిగ వినబడుతుంది, స్పెషల్ బీఈడీ (వైకల్యం ఉన్న పిల్లలకు చెప్పే టీచర్ల కోర్సు) చెయ్యండి, కాంపిటీషన్ తక్కువ, జాబ్ పక్కా అని. అందుల సగం నిజమే. తెలంగాణ 2024 డీఎస్సీల మొత్తం 11,062 పోస్టులుంటే స్పెషల్ ఎడ్యుకేషన్‌వి 1,016, అంటే ఎస్‌జీటీలు (ప్రైమరీ టీచర్లు) 796, స్కూల్ అసిస్టెంట్లు 220. ప్రత్యేక అవసరాల పిల్లలు ప్రైమరీల పదిమందికి ఒక టీచర్, ఆ పైన 15 మందికి ఒక టీచర్ ఉండాలె అని సుప్రీంకోర్టు 2021లనే చెప్పింది, 2025 మార్చిల మళ్ల పోస్టులు లెక్కతేల్చి నోటిఫై చెయ్యిమని రాష్ట్రాలకు ఆర్డర్ ఇచ్చింది. గిరాకీ ఉన్నది, ఇంకా పెరుగుతది. అయితే ఈ వెయ్యి పోస్టులల్ల మూడేండ్ల పిల్లకు చెప్పే పోస్టు ఒక్కటి కూడ లేదు, మేము ఇయ్యాల మాట్లాడేది దాని గురించే.

మూడేండ్లు నిండినా మాట రాని పిలగాడు ఇంట్ల ఉన్నడనుకోండి. తల్లికి ముందే అనుమానం వస్తది. అత్తమ్మ ఏమంటది, వాళ్ల నాయినకు కూడ ఐదేండ్లకే మాటలొచ్చినయ్ తియ్ అంటది. మేడారం పోయి నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, మొక్కుకుంటరు (మొక్కుకోవద్దని మేము అనం, మొక్కు మొక్కే, పరీక్ష పరీక్షే). అట్ల అట్ల ఆరేండ్లు వస్తయ్, బళ్లె ఏస్తరు, సార్ రెండు నెలలు చూసి వీడు వేరే తీరుగున్నడు అంటడు, అప్పుడు వైకల్యం తేల్చే సదరం క్యాంపు, సర్టిఫికెట్, మండలంల భవిత కేంద్రం, అంటే ఇసొంటి పిల్లలకు సర్కారు నడిపే సెంటర్. అప్పటికి మూడేండ్లు ఉత్తగ పోయినట్టే. చెవి సమస్య ఉన్న పిల్లైతే నష్టం ఇంకా ఎక్కువ, ఎందుకంటే పిల్లలు భాషను విని నేర్చుకునేది ఆ ఏండ్లల్లనే, వినబడకుంట ఆ టైం దాటిపోతే తర్వాత మిషన్ పెట్టినా శానా కష్టపడాలె.

చట్టాలు కూడ ఆరేండ్ల కాడనే మొదలైతయ్. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి 14 ఏండ్ల దాకా, 2016 దివ్యాంగుల హక్కుల చట్టంల ఉచిత చదువు ఆరు నుంచి 18 దాకా. ఆ 2016 చట్టమే వైకల్యాల లిస్టును ఏడు నుంచి 21కి పెంచింది, ఆటిజం పేరు పెట్టి చేర్చింది, మంచిదే. కానీ ఆటిజం లక్షణాలు కనబడేది రెండు మూడేండ్లకు, చదువు హక్కు వచ్చేది ఆరేండ్లకు. ఇటుదిక్కు చూస్తే 2020 జాతీయ విద్యా విధానం, మెదడు ఎదుగుదల 85 శాతం పైన ఆరేండ్లలోపే అయిపోతదని రాసుకుంది, మూడు నుంచి ఎనిమిదేండ్ల దాకా ఫౌండేషనల్ స్టేజ్ అని పేరు కూడ పెట్టింది. మరి ఆ ఏండ్లల్ల పిల్ల ఎవరి దగ్గర ఉంటది? అంగన్‌వాడీ టీచర్ దగ్గర.

రాష్ట్రంల 35,700 అంగన్‌వాడీ కేంద్రాలున్నయ్. ఊర్ల పిల్లను అమ్మ తర్వాత రోజూ చూసేది ఆ టీచరే. ఏ పిల్ల పిలిస్తే పలుకుతలేదు, ఏ పిలగాడు చేతుల గుడ్డు పట్టుకోలేకపోతున్నడు, ఎవరు కండ్లళ్ల కండ్లు పెట్టి చూస్తలేరు, అన్నీ ఆమెకు తెలుసు. కానీ దానికి పేరు ఏందో, ఎక్కడికి పంపాలెనో, పంపేలోపు తను ఏం చెయ్యాలెనో ఎవరూ వివరంగ నేర్పలే. ఆమెకేమో గౌరవ వేతనం, 2021ల పెంచినంక 13,650. దాంట్లనే రిజిస్టర్లు, యాప్‌ల ఫొటోలు, బరువులు తూచుడు, బాలింతల లెక్క, సర్వేలు. ఇంక పాఠం ఎప్పుడు చెప్పాలె?

ఇంటర్ అయిపోయిన పిల్లలు మమ్మల్ని ఫోన్ చేసి అడుగుతరు, ఏ కోర్సు తీసుకోవాలె అని. చెప్పేదేందంటే దారులు రెండు, ఆ రెండు ఒకదానికొకటి కలువవు. ఒకటి డీఈఈసెట్ అనే ఎంట్రన్స్ రాసి డైట్‌ల (సర్కారు టీచర్ ట్రైనింగ్ కాలేజీల) డీపీఎస్‌ఈ, అంటే ప్రీ స్కూల్ డిప్లొమా. ఇంకోటి డీఈడీ స్పెషల్, ఇంటర్ మీద రెండేండ్లు, డిగ్రీ అయినోళ్లకు బీఈడీ స్పెషల్, అది కూడ రెండేండ్లు. స్పెషల్‌ల మళ్ల కేటగిరీలు, వినికిడి వేరు, చూపు వేరు, మేధో వైకల్యం వేరు. మొదటిదాంట్ల చిన్నపిల్లల గురించి నేర్పుతరు, వైకల్యం మీద ఒకటి రెండు పాఠాలు. రెండోదాంట్ల వైకల్యం గురించి నేర్పుతరు, మూడేండ్ల పిల్లతోని నేల మీద కూసొని ఆడుడు తక్కువ. రెండు కలిపి నేర్పే కోర్సు లేదా అంటే ఒకటి ఉండేది, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌ల 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ, ఇప్పటి పేరు ఎన్‌ఐఈపీఐడీ, అక్కడ ఎర్లీ చైల్డ్‌హుడ్ స్పెషల్ ఎడ్యుకేషన్ డిప్లొమా నడిచింది. మన ములుగు, భూపాలపల్లి పిల్ల అంత దూరం పోయి చదవాలంటే హాస్టల్, ఖర్చు, ఇంట్ల ఒప్పుకునుడు, ఇవన్నీ ఉంటయ్ గదా.

అసలు ఈ రెండు చదువులు పుట్టింది ఒక్కచోటనే. మాంటిస్సోరి మేడం మొదలు పనిచేసింది మేధో వైకల్యం ఉన్న పిల్లలతోని, అక్కడ పనికొచ్చిన సామానునే 1907ల రోమ్‌ల మామూలు పిల్లలకు పెట్టింది. మన దగ్గర వీధికో మాంటిస్సోరి బోర్డు ఉంటది, లోపలికి పోతే మూడేండ్ల పిల్లతోని కాపీ బుక్కులు రాపిస్తరు, వీల్‌చెయిర్ల పిల్లను తీస్కపోతే సీట్లు లేవంటరు.

ఏటూరునాగారం, తాడ్వాయి దిక్కు ఇంకో ముచ్చట ఉన్నది. ఇంట్ల కోయ భాష మాట్లాడే పిల్ల, అంగన్‌వాడీల తెలుగుల అడిగితే నోరు విప్పదు. ఆసిఫాబాద్ దిక్కు గోండి పిల్లలది కూడ ఇదే కథ. ఆ పిల్లకు మాట రాలేదా, లేకపోతే మనం అడిగే మాట రాదా, ఈ తేడా పట్టుడు అనేది మామూలు పని కాదు, మంచిగ చదివినోళ్లే పట్టాలె. తేడా తెల్వకుంట మందబుద్ధి అని రాసేస్తే ఆ ముద్ర ఆ పిల్ల మీద ఎన్నేండ్లుంటదో ఎవరు చెప్తరు? వరంగల్‌ల ఈ చదువు చదివే పిల్లలకు ఒక నెలన్నా ఆ ఊర్లల్ల ప్రాక్టికల్స్ పెట్టాలె అని మేము అనేది అందుకే.

ఇంట్ల ఇసొంటి పిల్ల ఉండి, ఆ పిల్ల కోసమే డీఈడీ స్పెషల్ చదివే తల్లులు కూడ ఉన్నరు. వాళ్లకు క్లాసుల చెప్పేది ఇంట్ల ముందే తెలుసు. కాంపిటీషన్ తక్కువ అని వచ్చే పిల్లలను మేము తప్పు పడుతలేం, ఉద్యోగం అందరికీ కావాలె. కాకపోతే ఫీజు కట్టకముందు ఒక వారం పొయ్యి మీ మండలం భవిత కేంద్రంల కూసోండి. అక్కడి ఐఈఆర్‌పీలు, అంటే ఈ పిల్లలకు చెప్పే టీచర్లు, ఎన్నో ఏండ్ల నుంచి కాంట్రాక్టు మీదనే ఉన్నరు, కేంద్రానికి రాలేని పిల్లల ఇండ్లకు పొయ్యి చెప్తరు. పిల్ల కొరుకుతది, గిల్లుతది, ఒక్క గిన్నె గుర్తుపట్టడానికి నెల పడుతది, టాయిలెట్ ట్రైనింగ్ కూడ పాఠమే. అది చూసినంక కూడ మనసు అటే గుంజితే చేరండి. కాలేజీకి ఆర్‌సీఐ (స్పెషల్ కోర్సులను చూసే కేంద్ర కౌన్సిల్) అనుమతి ఉన్నదా, ఏ కేటగిరీకి ఉన్నదో ముందే చూసుకోండి, ఎందుకంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబర్ లేకుంటే రెండేండ్లు చదివిన సర్టిఫికెట్ పెట్టెల పెట్టుకునుడే.

సర్కారును మేము అడిగేది పెద్ద బడ్జెట్ పని కాదు. అంగన్‌వాడీ టీచర్లకు సెక్టార్ మీటింగులు, అంటే చుట్టుపక్కల కేంద్రాలోళ్లు కలిసేటియి, ఎట్లాగూ నడుస్తయ్. ఆ మీటింగుకు మండలం భవిత కేంద్రం టీచర్‌ను పిలవాలె, ఒక గంట ఆమెకు ఇయ్యాలె, ఎవరి కేంద్రంల ఏ పిల్ల మీద అనుమానం ఉన్నదో అక్కడనే రాసుకోవాలె. మహిళా శిశు సంక్షేమం వాళ్లది ఒక శాఖ, విద్యాశాఖ వాళ్లది ఒక శాఖ, ఎవరి ఫైలు వాళ్లదే, అందుకే ఇన్నేండ్ల నుంచి పక్క పక్క గదులల్ల ఉండి కూడ కలుస్తలేరు. కలెక్టర్ ఒక్క సర్క్యులర్ ఇస్తే వచ్చే నెల మీటింగుకే ఇది మొదలు పెట్టొచ్చు.