చేనేత: జూదంలో ఒక రకం

నిఘంటువులు మనుషులు తయారుచేయడాన్ని ప్రభుత్వం వెంటనే నిషేధించాలి. ఊరికే అనడం లేదు, నా దగ్గర లెక్కలున్నాయి. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల పెద్ద ఇంగ్లీషు నిఘంటువుకు 1857లో ఆలోచన పుడితే మొదటి కూర్పు పూర్తయ్యేసరికి 1928 వచ్చింది. మన సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో, ఎనిమిదోది 1972లో. ఈ మధ్యలో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం వచ్చి పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, వాళ్లు మాత్రం ఇంకా హల్లుల మీదే కూర్చున్నారు. ఇంత నింపాది మనుషులకు అచ్చంగా ఒక భాషను అప్పజెప్పడమా?

మా మేనల్లుడు మొన్న శనివారం రాత్రి నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర రెండో చాయ్ చల్లారేలోపు లక్ష మాటల నిఘంటువు తీశాడు. పద్ధతి చాలా సులువు. ఇంటర్నెట్‌లో దొరికిన తెలుగంతా ఊడ్చి ఒకచోట పోయాలి. చదువుకున్నవాళ్లు దీన్ని కార్పస్ అంటారు, మనం కల్లంలో కుప్ప అనుకుందాం. యంత్రం ఆ కుప్పను తూర్పారబట్టి, ఏ మాట ఎన్నిసార్లు వచ్చింది, దాని పక్కన ఏ మాటలు కూర్చున్నాయి అని చూసి అర్థం రాసేస్తుంది. ఏది గింజో ఏది తాలో కూడా అదే చెబుతుంది, మనం చేట పట్టుకునే పని లేదు.

ఇంటర్నెట్‌లో తెలుగు ఎక్కువగా రాసేదెవరు అని మీరు అడగొచ్చు. పత్రికల వాళ్లు, సినిమా కబుర్ల వాళ్లు, రాశిఫలాల వాళ్లు. అందుకే యంత్రానికి ఎద్దు అంతంత మాత్రమే తెలుసు గానీ వృషభం చాలా బాగా తెలుసు. అర్థం కూడా రాసింది: ఈ వారం ధనలాభం.

ఇంకో చిన్న చిక్కు. ఎంత పెద్ద కుప్ప పోసినా అందులో దాదాపు సగం మాటలు ఒక్కసారి మాత్రమే కనబడతాయి, ఏ భాషలోనైనా ఇంతే. నిఘంటువుల పెద్దలు ఈ ఒంటరి మాటల దగ్గరే నెలలు గడిపేవారు. మా వాడు ఒక్క లైను కోడ్‌తో తేల్చేశాడు: ఐదుసార్ల కంటే తక్కువ వస్తే కొట్టెయ్. ఆ దెబ్బకు కైకిలి పోయింది, ఎగిలివారంగ పోయింది, పొద్దుమూకి పోయింది. అంటే ఇక మా దగ్గర కూలి దొరకదు, తెల్లారదు, చీకటి పడదు. వచ్చిండు, పోయిండు అన్నవి మిగిలాయి కానీ వాటి పక్కన అక్షరదోషం అని ఎర్రగీత ఉంది.

ఉన్న మాటలకైనా అర్థాలు కుదిరాయా అంటే, కుదిరాయి, కాకపోతే యంత్రానికి కుదిరినట్టు. బోరు: విసుగు. ఉదాహరణ: 'నాలుగు బోర్లు వేసిండు, నాలుగూ ఎండిపోయినయి.' పక్కన పసుపు గీత పెట్టి 'విసుగు ఎండటం కవితాత్మక ప్రయోగం' అని నోట్ కూడా రాసింది. నాలుగు బోర్లేసి అప్పులపాలైన మనిషి సంగతి తెలిసినవాడిగా, నేను దీన్ని పూర్తిగా తప్పు అనలేకపోతున్నా. మందు కొట్టు అన్నచోట ఇంకా ముందుకెళ్లింది. 'పత్తికి పొద్దున్నే మందు కొట్టాలె' అన్న వాక్యం ఆధారంగా పత్తిని మద్యానికి బానిసైన పంటగా నమోదు చేసింది.

ఇవన్నీ ఒక ఎత్తు, చేనేత ఒక ఎత్తు. పోచంపల్లి, పుట్టపాక మగ్గాల దగ్గర వినబడే మాటలు కొన్ని వాడు యంత్రానికి ఇచ్చాడు: పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డం పోగులు), ఆసు (రంగులద్దే ముందు నూలు చుట్టే పని), అచ్చు (పోగుల్ని విడదీసి ఉంచే దువ్వెన లాంటి పనిముట్టు), కండె (నూలు చుట్టిన చిన్న గొట్టం). పేక అంటే చీట్లు అంది యంత్రం. ఆసు అంటే అందులో ఒకటో ముక్క. రెండూ ఒకే వాక్యంలో కనబడేసరికి దానికి విషయం అర్థమైపోయింది, చేనేత అంటే జూదంలో ఒక రకం అని రాసింది. అచ్చులు అ నుంచి ఔ వరకు, కండెలు మక్కజొన్నవి, కాబట్టి ఇది అక్షరాలు పందెం కాస్తూ, కండెలు కాల్చుకు తింటూ ఆడే ఆట. పడుగు మాత్రం అసలు కనబడలేదు. పాత పుస్తకాన్ని స్కాన్ చేసినప్పుడు ప కాస్తా వ అయిపోయి, పడుగు వడుగు అయింది. మగ్గం మీద ఒడుగేమిట్రా అంటే, 'రెండింట్లో నూలు పోగే కదా మామా' అన్నాడు. తేలియా రుమాల్ అనే నేతగుడ్డకు 'నూనె అంటిన చేతిగుడ్డ, ఉతికితే పోతుంది' అని ఉంది. ఆ గుడ్డ కోసం నూలును ఆముదం కాయల పొట్టు బూడిదలో, నూనెలో రోజుల తరబడి నానబెట్టినవాళ్లు ఇది చదవకపోవడమే మంచిది.

నిజానికి ఈ మాటలన్నీ ఇదివరకే సేకరించి పెట్టినవే. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం వచ్చింది, 1962లో వ్యవసాయం, 1971లో చేనేత. ఊరూరా మనుషుల్ని పంపి, రైతుల్ని, నేతగాళ్లను కూర్చోబెట్టి అడిగించారట. మనిషిని అడిగితే అబద్ధం చెప్పొచ్చు, చాయ్ ఇప్పించాలి, మధ్యలో లేచి పొలానికి పోవచ్చు. ఇలాంటి నమ్మకం లేని పద్ధతులు సైన్సు ఎలా అవుతాయి?

ఈ అడగడమనే జాడ్యం యంత్రాలు చేసేవాళ్లకూ అంటుకోవడం విచారకరం. ఆలేరు వైపు చింతకింది మల్లేశం గారిని చూడండి. ఒక్కో చీర కోసం వేలసార్లు చేయి అటూ ఇటూ తిప్పి ఆసు పోసే అమ్మ భుజం నొప్పి చూసి, ఏళ్ల తరబడి అవస్థపడి 1999లో ఆసు యంత్రం పూర్తిచేశారు, దానికి అమ్మ పేరే పెట్టారు, 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. మా వాడు ఆ మొదటి భాగం, అంటే పక్కన కూర్చుని చూసే భాగం, తీసేశాడు. సమయం ఎంత ఆదా అయిందో మీరే ఆలోచించండి.

అయినా నా పోరు పడలేక పోయిన ఆదివారం పుట్టపాకలో ఉండే మా పెద్దమ్మ దగ్గరికి తీసుకెళ్తే వచ్చాడు. యూజర్ టెస్టింగ్ అన్నాడు. ఆమె నలభై ఏళ్లు ఆసు పోసిన మనిషి. ఫోన్‌ను ఆమె ముఖం ముందు పెట్టి, 'అమ్మమ్మా, ఏదన్నా మాట్లాడు, ఇది రాసుకుంటది' అన్నాడు. పెద్దమ్మ అన్నం గిన్నె వాడి ముందుకు జరిపి, 'ఊకె గా డబ్బ దిక్కు సూడకు బిడ్డా, బువ్వ తిను' అంది.

యంత్రానికి ఊకె (ఊరికే) తెలియదు, ఊక తెలుసు. మిగతా మాటల్లో దానికి అందినవి బువ్వ, తిను. సాయంత్రానికి నిఘంటువులో కొత్త మాట చేరింది. ఊకబువ్వ: దక్షిణ తెలంగాణ సంప్రదాయ వంటకం.

నిన్న మేనల్లుడు సంబరంగా ఫోన్ చేశాడు. ఎవరో ఊకబువ్వ ఎలా వండాలో వెబ్‌సైట్‌లో పెట్టారట, జీలకర్ర తాలింపుతో సహా, ఇంకో రెండు సైట్లు దాన్ని ఎత్తి రాసుకున్నాయట. యంత్రం ఆ మూడింటినీ చదివి, ఆధారాలు దొరికాయని మాట పక్కన ఆకుపచ్చ టిక్కు పెట్టుకుంది. పెద్దమ్మకు ఇంకా చెప్పలేదు.